ఎండలో మాడని ఆకు

అత్తిముగంలో ఐరావతేశ్వరుని గుడికి కొంత దూరంలో మా బంధువుల మామిడితోట ఉంది. గట్టుకు అవతల మల్బరీ చేను. రెండూ చూసుకునే అతను ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు. ఒకనాడు నేను అటు వెళ్తే, మామిడిచెట్ల కింద మాడి పడివున్న గడ్డిని చూపించి ఒక ప్రశ్న అడిగాడు.

"సార్, నిన్న పొద్దుగూకినంక గడ్డిమందు కొట్టినాను. తెల్లారి చూస్తే పచ్చగానే ఉండాది. మందు కల్తీదేమో అనుకొంటి. ఎండ ఎక్కినంక చూస్తే ఇదో, ఇట్ల మాడిపోయింది. రాత్రంతా ఆ విషం ఏమి చేస్తా ఉండింది సార్, నిద్రపోతా ఉండిందా?"

ఆ మందు పేరు పారాక్వాట్. ముప్ఫై ఏళ్లు తెలుగు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సూర్యరశ్మి ఆకుకు అన్నం అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ అన్నం వండే పొయ్యిలో నిప్పు ఉంటుందని, ఆకు ఆ నిప్పును క్షణక్షణమూ ఆర్పుకొంటూ ఉంటుందని ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకే తెలియదు. ఇల్లు చేరి పుస్తకాలు తిరగేశాను. ఆ వెతుకులాటలో దొరికిన చరిత్ర ఇది. దీన్ని అంత పట్టుగా వెతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

మనం బడిలో చదువుకున్న కథ చిన్నది. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా మొక్కను ఉంచితే ఆ గాలి మళ్లీ బాగుపడుతుందని కనుక్కున్నాడు. 1779లో ఇంగెన్‌హౌజ్ దానికి వెలుతురు కావాలని చూపించాడు. ఈ కథలో ఆక్సిజన్ ఎప్పుడూ ఆకు చేసే దానమే. అది ఆకునే కాల్చగలదన్న ఊహ ఎవరికీ రాలేదు.

రెండో కథ ఆకుతో సంబంధం లేని చోట మొదలైంది. 1818లో ఫ్రాన్సులో తెనార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు హైడ్రోజన్ పెరాక్సైడును కనిపెట్టాడు. పుండు మీద పోస్తే బుసబుస పొంగుతుందే, అదే. జంతువుల కణజాలం తగిలితే అది నీరుగా, ఆక్సిజన్‌గా విరిగిపోతుందని కూడా ఆయనే గమనించాడు. ఎందుకు విరుగుతుందో తేలడానికి 80 ఏళ్లకు పైన పట్టింది. దాన్ని తేల్చినవాడు ఆస్కార్ లోవ్ అనే జర్మన్. అప్పుడాయన అమెరికా వ్యవసాయ శాఖలో పొగాకు ఎలా పండుబారుతుందో పరీక్షిస్తున్నాడు. పెరాక్సైడును విరగ్గొట్టే ఒక ఎంజైము పొగాకులోనే కాక తాను చూసిన జీవులన్నింటిలోనూ ఉందని గ్రహించి, 1901 నివేదికలో దానికి కాటలేజ్ అని పేరు పెట్టాడు. ఒంట్లో పుట్టే పెరాక్సైడు పేరుకుపోకుండా చూడడమే దాని పని అన్నాడు. బాగానే ఉంది. మరి ఆకులో పెరాక్సైడు ఎందుకు పుడుతుంది?

దానికి జవాబు రావాలంటే ఆకును చిదిమి, అందులోని హరితరేణువులను విడిగా తీసి చూడాలి. (హరితరేణువు అంటే మా తరానికి తెలుసు. తమిళ మాధ్యమంలో చదివే మా మనవడికి అది "పసుంగణికం". ఇద్దరం ఒకే ఆకు పట్టుకొని, ఒకరి మాట ఒకరికి తెలియక కాసేపు దిక్కులు చూశాం. 2006 చట్టం తర్వాత మన ఇళ్లలో ఇలాంటివి మామూలే.) 1937లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్, విడదీసిన హరితరేణువుల మీద వెలుతురు పడితే అవి నీటిని చీల్చి ఆక్సిజన్ వదులుతాయని, అయితే నీటి నుంచి వచ్చే ఎలక్ట్రానులను పుచ్చుకోవడానికి ఎదురుగా ఏదో ఒక పదార్థం ఉండాలని చూపించాడు. ఎలక్ట్రాను అంటే భయపడనక్కర లేదు. కరెంటు తీగలో పారేది అదే. ఆకులో కూడా వెలుతురు తగలగానే ఒక రకం కరెంటు పారుతుంది. ఆ కరెంటు చివరకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చే పనికి చేరాలి.

చేరకపోతే? 1951లో అమెరికాలో అలాన్ మేలర్ ఆ ప్రశ్నకు జవాబు పట్టుకున్నాడు. వేరే పుచ్చుకొనేవాడు లేనప్పుడు హరితరేణువులు ఆ ఎలక్ట్రానులను చుట్టూ ఉన్న ఆక్సిజన్‌కే అంటగడతాయి, అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. ఆకు తాను వదిలిన ఆక్సిజన్‌తోనే తన ఇంట్లో విషం తయారుచేసుకుంటోందన్నమాట. ఇది గాజుగొట్టంలో జరిగే వింతే తప్ప బతికున్న ఆకులో లెక్కలోకి వచ్చేది కాదని చాలాకాలం అనుకున్నారు.

మధ్యలో కథ ఎద్దు నెత్తురులోకి వెళ్తుంది. 1938లో కేంబ్రిడ్జిలోనే మాన్, కైలిన్ అనే ఇద్దరు ఎద్దు నెత్తురు నుంచి రాగి కలిసిన ఒక నీలపు ప్రొటీన్‌ను వేరుచేశారు. అదెందుకుందో తెలియలేదు. బహుశా ఒంట్లో రాగిని దాచుకునే గిన్నె కావచ్చు అనుకున్నారు. 31 ఏళ్లు అది అలా పనీపాటా లేని ప్రొటీన్‌గానే పుస్తకాల్లో ఉంది. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్ అనే పరిశోధక విద్యార్థి, అతని గురువు ఫ్రిడోవిచ్ దాని అసలు పని కనుక్కున్నారు. ఆక్సిజన్‌కు ఒకే ఒక ఎలక్ట్రాను అదనంగా అంటుకుంటే సూపర్ ఆక్సైడ్ అనే పదార్థం అవుతుంది. ఈ ప్రొటీన్ రెండు సూపర్ ఆక్సైడులను దొరకబుచ్చుకుని, ఒకదాన్ని మామూలు ఆక్సిజన్‌గా, రెండోదాన్ని పెరాక్సైడుగా మార్చేస్తుంది. అందుకే దానికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ అని పేరు. వేగం ఎంతంటే, సూపర్ ఆక్సైడ్ నీటిలో ఈదుకుంటూ వచ్చి దీన్ని తగలడమే ఆలస్యం. ప్రాణవాయువు పీల్చే జీవికి దానివల్లే ప్రమాదం ఉందని, దానికి కాపలా కూడా ఒంట్లోనే ఉందని జీవశాస్త్రం గట్టిగా నమ్మడం అక్కడి నుంచే మొదలు.

ఈ వార్త జపానులో కోజీ అసాదాకు చేరింది. క్యోటో విశ్వవిద్యాలయంలో ఆయన పాలకూర ఆకుల మీద పనిచేసేవాడు. 1973, 74 సంవత్సరాల్లో ఆయన బృందం రెండు సంగతులు తేల్చింది. వెలుతురు పడిన హరితరేణువుల్లో నిజంగానే సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. ఎద్దు నెత్తురులో దొరికిన ఆ కాపలా ఎంజైము హరితరేణువుల్లో కూడా ఉంది. ఆకులో అది రాగి, జింకుతో ఒక రూపంలోను, ఇనుముతో ఇంకో రూపంలోను ఉంటుంది. సూక్ష్మపోషకాలు, జింకు సల్ఫేటు అంటూ వ్యవసాయ శాఖవాళ్లు చెప్పే మాటల వెనక ఇలాంటి పనులు కూడా ఉన్నాయి.

ఇక్కడితో సగం పనే అయింది. సూపర్ ఆక్సైడును తీసేస్తే మిగిలేది పెరాక్సైడు. దాన్ని విరిచే కాటలేజ్ హరితరేణువులో లేదు. పక్కనున్న పెరాక్సిజోములనే వేరే గదుల్లో ఉంది. వంటింట్లో నిప్పు, నీళ్లకుండ వసారాలో! 1976లో జర్మనీలో కైజర్ చేసిన ప్రయోగం ఈ లోటు ఎంత ప్రమాదకరమో చూపించింది. లీటరుకు 10 మైక్రోమోలుల పెరాక్సైడు ఉన్నా చాలు, హరితరేణువులు చక్కెర చేసే పని సగానికి పడిపోతుంది. మందులషాపులో దొరికే 3 శాతం పెరాక్సైడుతో పోలిస్తే అది సుమారు 88 వేల వంతు పలచన. ఎండలో నిలబడిన ఆకులో అంతమాత్రం పోగుపడడానికి ఎక్కువసేపు పట్టదు. అయినా ఆకు పచ్చగానే ఉంటుంది. ఎవరు ఆర్పుతున్నారు?

అదే 1976లో లండన్‌లో బ్యారీ హాలివెల్, ఆయన విద్యార్థిని క్రిస్టీన్ ఫాయర్ ఒక ఆలోచన ముందుపెట్టారు. హరితరేణువుల్లో సి విటమిన్ బాగా ఉంటుందని అప్పటికే తెలుసు. సి విటమిన్‌ను 1928లో మొదట విడదీసిన సెంట్ జార్జ్‌కు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా. మనుషులకు అది లేకపోతే చిగుళ్లు కారతాయని అందరికీ తెలుసు, ఆకుకు దాంతో ఏం పని అని అడిగినవాళ్లు తక్కువ. పెరాక్సైడును సి విటమిన్ నీరుగా మారుస్తుంది, ఆ పనిలో తాను పాడవుతుంది, పాడైన దాన్ని గ్లుటాథయోన్ అనే ఇంకో పదార్థం బాగుచేస్తుంది, గ్లుటాథయోన్‌ను గ్లుటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైము బాగుచేస్తుంది. దానికి కావలసిన శక్తి మళ్లీ వెలుతురు నుంచే. ఇదీ వాళ్ల ప్రతిపాదన. వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బిందెలు అందించుకొనేవాళ్లను ఊహించుకోండి.

ఆ వరుసలో మొదటి మనిషి మాత్రం దొరకలేదు. పెరాక్సైడును, సి విటమిన్‌ను కలిపే ఎంజైము ఏది? 1979లో జర్మనీలో గ్రోడెన్, బెక్ దాని జాడ పట్టారు. 1981లో నకానో, అసాదా పాలకూర హరితరేణువుల్లో దాన్ని స్పష్టంగా చూపించారు. పేరు ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్. అంతకాలం అది ఎందుకు తప్పించుకుందో కూడా వాళ్లే 1987లో చెప్పారు. చుట్టూ సి విటమిన్ లేకపోతే ఆ ఎంజైము తొందరగా చచ్చుబడిపోతుంది. ఆకును నీళ్లలో నూరి వెతికినవాళ్లకు అది దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు. వెతికే పద్ధతే దాన్ని చంపుతోంది. నూరే నీళ్లలో సి విటమిన్ కలిపాక గాని అది బతికి బయటపడలేదు. నాకు ఈ చరిత్రంతటిలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1999లో అసాదా ఈ మొత్తం వ్యవహారానికి "నీటి నుంచి నీటికి" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆకు నీటిని చీల్చి ఎలక్ట్రానులు తీస్తుంది. చక్కెర పనికి అక్కరకు రానివి ఆక్సిజన్‌కు చేరి, సూపర్ ఆక్సైడ్ అయి, పెరాక్సైడ్ అయి, చివరికి మళ్లీ నీరవుతాయి. పైకి చూస్తే దండగ. కాని మోయలేనంత వెలుతురు మీద పడినప్పుడు ఆ అదనపు కరెంటు పారిపోవడానికి అదొక కాలువ. వర్షం ఎక్కువైతే చెరువుకు మరవ ఉన్నట్టు.

ఇక ఆ గడ్డిమందు సంగతి. పారాక్వాట్ కొత్త పదార్థం కాదు. 1882లోనే తయారైంది. 1933లో మైకేలిస్ అనే ఆయన దాన్ని రంగుగా వాడాడు. ఎలక్ట్రాను పుచ్చుకోగానే అది ఊదా నీలానికి తిరుగుతుంది. కలుపును చంపే గుణం 1955లో ఇంగ్లండులో బయటపడింది. 1962లో గ్రామాక్సోన్ పేరుతో బజారుకు వచ్చింది. రంగుగా పనికివచ్చిన గుణమే విషంగానూ పనికివచ్చింది. ఆకులో పారే కరెంటుకు అది అడ్డం పడి ఒక ఎలక్ట్రానును లాక్కుంటుంది, వెంటనే ఆక్సిజన్ చేతిలో పెడుతుంది, ఖాళీ చేతులతో మళ్లీ వస్తుంది. తాను ఖర్చు కాదు. సూపర్ ఆక్సైడ్ వరదలా వచ్చిపడుతుంది. బిందెలు అందించేవాళ్లు ఎంతమంది ఉన్నా ఇల్లు కాలిపోతుంది.

రాత్రి వెలుతురు లేదు, కరెంటు లేదు, కాబట్టి లాక్కోవడానికి ఎలక్ట్రాను లేదు. నా పాత విద్యార్థి అన్నమాటే నిజం. విషం ఆకులో ఇంకి, నిద్రపోతూనే ఉంది. పొద్దు పొడిచాక లేచింది. మాడ్చింది మందు ఒక్కటే కాదు, ఎండ కూడా. మందు చేసిందల్లా ఆకు కాపలాను ముంచెత్తడం. 1978లో ఉత్తర ఐర్లండులో రై గడ్డి మీద చేసిన పరిశోధన ఇదే మాటను వెనకవైపు నుంచి చెప్పింది. ఈ మందును తట్టుకున్న గడ్డిలో కాపలా ఎంజైముల చురుకు ఎక్కువ.

నేను దాచిన కారణం ఇప్పుడు చెప్పాలి.

కొన్నేళ్ల కింద మా దగ్గరి బంధువుల కుర్రాడొకడు కూలికి మందు కొట్టడానికి పోయేవాడు. మిగిలిన మందును ఎవరో నీళ్ల సీసాలో పోసి గట్టున పెట్టారు. దాహానికి ఒక గుక్క మింగి, రుచి తెలియగానే మిగిలింది ఊసేశాడు. ఆ రోజు బాగానే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి నడిచే వచ్చాడు. రెండు రోజులకు నోరు, గొంతు పుండ్లు పడ్డాయి. తర్వాత మూత్రపిండాలు. రెండో వారంలో ఆయాసం. ఆస్పత్రిలో డాక్టరు ఆక్సిజన్ పెట్టడానికి వెనకాడాడు. "ఇప్పుడే పెడితే ఇంకా చేటు చేస్తుంది" అన్నాడు. ఊపిరాడని మనిషికి గాలి పెట్టరా అని ఇంటివాళ్లు అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది నేను. చదువుకున్నవాణ్ణి కదా! ఏదో డబ్బు కోసం ఆడే నాటకమని కూడా అన్నాను. మూడో వారంలో కుర్రాడు పోయాడు.

ఆ డాక్టరు ఎందుకు అలా చేశాడో నాకు ఈ ఆకు చరిత్ర చదివాకే తెలిసింది. 1974లో ఇంగ్లండులో ఎలుకల ఊపిరితిత్తుల మీద చేసిన పరిశోధనలో, ఆ కణాలు నెత్తురులోని పారాక్వాట్‌ను శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలికి గుంజుకుంటాయని తేలింది. తమకు కావలసిన వేరే పదార్థమని పొరపడతాయి. అక్కడ ఆకులో జరిగినదే మళ్లీ జరుగుతుంది. ఎలక్ట్రానులు ఎండ నుంచి రావు, తిన్న తిండి నుంచి వస్తాయి. అందువల్ల మనిషి ఒంట్లో ఆ విషానికి రాత్రి అంటూ ఉండదు. దానికి కావలసిన రెండో సరుకు ఆక్సిజన్. మనం పెట్టే ఆక్సిజన్ ఊపిరితిత్తికి చేరగానే ఆ విషం చేతికి చిక్కుతుంది. అందుకే నెత్తురులో ఆక్సిజన్ మరీ పడిపోయేదాకా డాక్టర్లు ఆపి చూస్తారు. నిరూపితమైన విరుగుడు నేటికీ లేదు. సి విటమిన్ మొదలైనవి ఇచ్చి చూశారు గాని నమ్మదగిన ఫలితం రాలేదు. ఐరోపా సమాజంలో 2007లో ఈ మందు అనుమతి రద్దయింది. శ్రీలంక 2008 నుంచి 2011 లోపల దశలవారీగా మాన్పించింది. ఆ డాక్టరును తర్వాత వెతికాను. బదిలీ అయి వెళ్లిపోయాడన్నారు.

విషం పడకపోయినా ఆకుకు ఇదే గండం రోజూ ఉంటుందని మరచిపోకూడదు. మన సీమలో ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం చూడండి. నేలలో తడి తక్కువ. నీరు ఆవిరి కాకుండా ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. మూసుకుంటే బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, చక్కెర పని నెమ్మదిస్తుంది. ఎండ మాత్రం ఆగదు. పుచ్చుకొనేవాడు లేని ఎలక్ట్రానులు ఆక్సిజన్ మీదికి పోతాయి. కరువును తట్టుకొనే మొక్క అంటే లోతుగా వేళ్లు ఉన్నదని మాత్రమే అనుకుంటాం. ఆకు లోపలి కాపలా కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ఈ మాటను మన మల్బరీ మీదే పరీక్షించింది తెలుగువాడు కావడం నాకు సంతోషం కలిగించింది. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వి.ఎస్. రామదాస్ గారి చుట్టూ కిరణజన్య సంయోగక్రియ మీద పనిచేసే ఒక బృందం తయారైంది. కుప్పం, పలమనేరు దారిన పోతే మనకు ఏమంత దూరం! ఆయనతో కలిసి పనిచేసిన అత్తిపల్లి రామచంద్రారెడ్డి గారు తర్వాత పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఉండగా, తోటివారితో కలిసి మూడు రకాల మల్బరీ వేడిని ఎలా తట్టుకుంటుందో చూసి 2002లో ప్రచురించారు. 2004లో ఐదు రకాలను నీటి ఎద్దడికి గురిచేసి చూసిన ఫలితాలు వచ్చాయి. అందరూ ఒకలా లేరు. కష్టం వచ్చినప్పుడు కాపలా ఎంజైములు పనిచేసే తీరులో రకానికీ రకానికీ తేడా ఉంది. అదే 2004లో ఆయన, ఇద్దరు సహరచయితలు కరువు, కిరణజన్య సంయోగక్రియ, ఈ కాపలా వ్యవస్థల మీద రాసిన సమీక్షా వ్యాసాన్ని ప్రపంచమంతటా ఈ రంగంవాళ్లు ఉదహరిస్తారు. రామదాస్ గారి బృందం నుంచే వచ్చిన ఆగేపాటి రాఘవేంద్ర గారు, పద్మశ్రీ గారు మొదలైనవారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బఠానీ ఆకు కణాల మీద పనిచేసి, హరితరేణువుకు పక్కనున్న మైటోకాండ్రియా కూడా ఈ ఆర్పే పనిలో ఆసరాగా ఉంటుందని 2010లో రాశారు.

మన హోసూరులోనే కేంద్ర పట్టు మండలి వారి జన్యుసంపద కేంద్రంలో వెయ్యికి పైగా మల్బరీ రకాలు పెంచుతున్నారు. దాని ముందు నుంచి నేను ఎన్నిసార్లు బస్సులో పోయానో. లోపల ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు. మన రైతు చేతికి వచ్చేవి ఎం.ఆర్.2, వి1 లాంటి రెండు మూడు రకాలే. ఎండకు, ఎద్దడికి నిలిచే ఇంకో రకం కావాలంటే వెతకవలసిన చోటు అదే.

జవాబు దొరికిన తర్వాత మళ్లీ అత్తిముగం వెళ్లాను. మల్బరీ గట్టు మీద కూర్చొని, ఎంజైముల పేర్లు పక్కనపెట్టి, నిప్పు, బిందెలు, మరవ అంటూ అతనికి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "అయితే మధ్యాన్నం కోసిన ఆకు పురుగులు సరిగ్గా తినవు, దానికీ ఇదేనా సార్ కారణం?" అన్నాడు. అది ఎక్కువగా తడి తగ్గడం వల్ల, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు అన్నాను. "అయితే ఇంకొకటి. ఈ మందు మీరు చెప్పిన ఆ పిల్లోడు తాగిందేనా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

అతని భార్య గుడిసెలోంచి సీసాతో నీళ్లు తెచ్చింది. నేను మూత తీసి, తాగేముందు వాసన చూశాను. ఎప్పటి నుంచో అలవాటైపోయింది. ఆమెకు అర్థం కాలేదు గాని అతనికి అయింది.

"మందు సీసా ఇక్కడ లేదు సార్" అన్నాడు. "మోటారు షెడ్డులో పైన పెట్టి తాళం వేసినా. తాగండి."